మన ఎస్‌యూవీ లాగగలిగే చిన్న ట్రాక్టరు ఎంచుకోవడం ఎలా?

డాలస్ చుట్టుపక్కల ఊరి బయట నాలుగైదు ఎకరాలు కొనుక్కున్న తెలుగువాళ్లు నాకు చాలామందే తెలుసు. కొన్న మొదటి వేసవికే గడ్డి నడుం దాకా పెరుగుతుంది. ఇంటి ముందు లాన్ కోసే మెషీన్ అక్కడ పనికిరాదని అప్పుడు తెలుస్తుంది. ఆ వారమే ట్రాక్టరు వెతుకులాట మొదలు.

అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ కంపెనీ మంచిది, ఎన్ని హార్స్‌పవర్ కావాలి? నా మాట వింటే ఆ రెండింటినీ కాసేపు పక్కన పెట్టండి. మీ ఇంట్లో ఉన్న బండితోనే ట్రాక్టరును లాక్కెళ్లాలనుకుంటే లెక్క ఆ బండి దగ్గర మొదలవ్వాలి. బండి ఎంత లాగగలదు, అందులో ట్రైలర్ బరువు పోతే ఎంత మిగులుతుంది, ఆ మిగిలిన దాంట్లో ఇమిడే ట్రాక్టరు ఏది? ఈ వరసలో రావాలి. నేను ఉల్టాగా వెళ్లాను. ముందు ట్రాక్టరు నచ్చింది, తర్వాత ట్రైలర్ కొన్నాను, అన్నీ అయ్యాక నా బండి తలుపు మీది స్టిక్కరు చదివాను. మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మన ఊళ్లలో ఈ సమస్యే లేదు. అక్కడ ట్రాక్టరే తొట్టిని లాగుతుంది. పొలానికైనా, మిల్లుకైనా, జాతరకైనా రోడ్డు మీద దానంతట అదే వెళ్లిపోతుంది. ఇక్కడ ఇంటికీ పొలానికీ మధ్య నలభై మైళ్ల ఫ్రీవే ఉంటుంది. పక్కన లారీలు డెబ్బై మైళ్ల స్పీడులో పోతుంటాయి. ట్రాక్టరు ఇంకో బండి వెనకాల సరుకులా వెళ్లాల్సిందే.

అసలు లాగాల్సిన అవసరం ఉందా?

ఇది ముందే తేల్చుకోండి. పొలంలో తాళం వేసుకునే షెడ్డు ఉండి, ట్రాక్టరు అక్కడే ఉండిపోతుందంటే డీలరే తెచ్చి దింపుతాడు. సర్వీసుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు డబ్బులిచ్చి తీసుకెళ్లమనవచ్చు. అప్పుడు మీకు ట్రైలరూ వద్దు, ఈ తిప్పలూ వద్దు. ట్రైలర్ కొనడం, రిజిస్ట్రేషన్, టైర్లు, బేరింగులు అన్నీ కలిపి చూస్తే చాలామందికి ఇదే చౌక. పైగా మన సబర్బుల్లో చాలాచోట్ల హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు డ్రైవ్‌వేలో ట్రైలర్ నిలపనివ్వరు.

షెడ్డు లేదు, ఖాళీ పొలంలో వదిలేస్తే దొంగల భయం, లేదా రెండు చోట్ల పని ఉంది అంటే మాత్రం లాగక తప్పదు. మిగతాది మీకోసమే.

1. మీ బండి తలుపు తీసి చదవండి

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కరు ఒకటి కనిపిస్తుంది. టైర్లలో గాలి ఎంత ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. మనం అంతవరకే చూసి తలుపు వేసేస్తాం. దాని పైభాగంలో ఇంకో మాట ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని. ఆ అంకెను ఫోటో తీసి పెట్టుకోండి. దాన్నే పేలోడ్ అంటారు.

రెండో అంకె బండితో వచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది: ఎంత బరువున్న ట్రైలర్‌ను లాగొచ్చు అన్నది. మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే బండ్లే తీసుకుందాం. హోండా పైలట్ ఆల్ వీల్ డ్రైవ్ అయితే 5,000 పౌండ్లు, టూ వీల్ డ్రైవ్ అయితే 3,500. టొయోటా హైలాండర్ వి6 అయితే 5,000, హైబ్రిడ్ 3,500. ఒడిస్సీ, సియెన్నా వ్యాన్లు 3,500. టెస్లా మోడల్ వై టోయింగ్ ప్యాకేజీతో 3,500. ఫోర్డ్ మావెరిక్ మామూలుగా 2,000, ఫోర్‌కే ప్యాకేజీ ఉంటే 4,000. సీఆర్‌వీ, రావ్4 మోడళ్లలో చాలావాటికి 1,000 నుంచి 1,750 మధ్యే. ఒకే పేరున్న బండిలోనే ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. కాబట్టి నా అంకెను కాకుండా మీ మాన్యువల్‌నే నమ్మండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. లాగే బరువు 5,000 అని చూసి సంతోషపడతారు, పేలోడ్ మర్చిపోతారు. ట్రైలర్ ముక్కు హిచ్ మీద, అంటే బండి వెనక బిగించిన కొక్కెం మీద, కూర్చుంటుంది కదా, ఆ ముక్కు బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. ఆ బరువంతా మీ పేలోడ్‌లోంచే పోతుంది. ఉదాహరణకు స్టిక్కరు మీద 1,150 ఉందనుకోండి. భార్యాభర్తలు, ఇద్దరు పెద్దపిల్లలు కలిపి 600. ఐస్ పెట్టె, పనిముట్లు, డీజిల్ క్యాను 100. హిచ్ సామాను 50. ముక్కు బరువు 400. మొత్తం అక్కడికక్కడే 1,150. వెనక సీట్లో ఇంకొక్కరు ఎక్కినా లిమిట్ దాటిపోయినట్టే. లాగే రోజున పిల్లల్ని వేరే కారులో రమ్మనండి, ఇది చాదస్తం కాదు. కొన్ని మాన్యువళ్లలో మనుషుల సంఖ్య పెరిగే కొద్దీ లాగే బరువు ఎంత తగ్గుతుందో పట్టిక కూడా ఇస్తారు.

మూడోది హిచ్. బండి 5,000 లాగుతుందని రాసి ఉన్నా, దానికి బిగించింది అంగుళంపావు రిసీవర్ (హిచ్‌లోని చదరపు గొట్టం) అయితే అది చిన్న క్లాసుది. క్లాస్ 2 హిచ్‌కు హద్దు 3,500. రెండంగుళాల రిసీవర్ ఉన్న క్లాస్ 3 అయితేనే 5,000 బండికి సరిపోతుంది. హిచ్ మీద, దాంట్లో దూర్చే బాల్ మౌంట్ మీద, బాల్ మీద, ట్రైలర్ కప్లర్ (బాల్ మీద కూర్చునే ముక్కు భాగం) మీద విడివిడిగా అంకెలు చెక్కి ఉంటాయి. వాటన్నిట్లో చిన్నది ఏదో అదే మీ అసలు లిమిట్. బాల్ సైజు కప్లర్ మీద రాసిన సైజే అయి ఉండాలి. రెండంగుళాల బాల్ మీద రెండూ ఐదు బై పదహారు అంగుళాల కప్లర్ పెడితే కూర్చున్నట్టే కనిపిస్తుంది, మొదటి గుంతలోనే ఎగిరిపోతుంది.

2. 80 శాతం దగ్గర ఆగండి, ట్రైలర్ బరువు ముందే తీసేయండి

మాన్యువల్‌లో ఉన్న అంకె దాకా వెళ్లడం నాకు ఇష్టం లేదు. టెక్సస్ ఆగస్టు ఎండ, ఎదురుగాలి, పదేళ్ల బండి, అలవాటు లేని డ్రైవరు, ఇవన్నీ లెక్కలోకి రావాలి. అందుకే అందులో 80 శాతమే నా బండి బలం అనుకుంటాను. 5,000 బండికి 4,000. 3,500 బండికి 2,800.

ఇప్పుడు అందులోంచి ట్రైలర్ బరువు తీసేయాలి. రెండు ఇరుసులున్న 16 అడుగుల ఇనుప ట్రైలర్ ఖాళీగానే సుమారు 1,900 పౌండ్లు తూగుతుంది. 4,000లో అది పోతే మిగిలింది 2,100. అదే 14 అడుగుల అల్యూమినియం ట్రైలర్ అయితే రెండు ఇరుసులున్నా సుమారు 1,200 ఉంటుంది, 2,800 మిగులుతుంది. ఏడు వందల పౌండ్లు! మామూలు బండితో లాగేవాళ్లకు అల్యూమినియం దండగ ఖర్చు కాదు, ఆ తేడా మొత్తం ట్రాక్టరుకు దక్కుతుంది. ఎంతో కొంత ఎక్కువ పెట్టాల్సి వస్తే ఇక్కడే పెట్టండి.

షాపుల ముందు వరసగా కనిపించే చిన్న ట్రైలర్లు కూడా ఉంటాయి, ఒకటే ఇరుసు, జీవీడబ్ల్యూఆర్ 2,990 అని రాసి ఉంటుంది. అంటే ట్రైలరూ, దాని మీది సరుకూ కలిపి అంత. చాలా రాష్ట్రాల్లో 3,000 దాటితే ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి కాబట్టి పది పౌండ్లు తక్కువగా ఆ అంకె వేస్తారు. ఖాళీ ట్రైలర్ ఇనుముదైతే దాదాపు 900 పోతుంది, సరుకుకు మిగిలేది 2,100 లోపే. అవి లాన్ మెషీన్లకు, మట్టికి, ఫర్నిచర్‌కు బాగుంటాయి. లోడరు, అంటే ముందు బకెట్‌తో బరువెత్తే చేతులు, ఉన్న ట్రాక్టరుకు చాలా బిగుతు.

3. ట్రాక్టరు అసలు బరువు కనుక్కోండి

బ్రోషర్‌లో రాసేది ఒంటి ట్రాక్టరు బరువు. లోడరు ఉండదు, గడ్డి కోసే డెక్ ఉండదు, టైర్లలో నీళ్లు ఉండవు. మనం కొనేది మాత్రం అవన్నీ ఉన్నదే.

సబ్‌కాంపాక్ట్ అనే చిన్న తరగతి ట్రాక్టర్లు, అంటే కుబోటా బీఎక్స్ సిరీస్, జాన్ డీర్ 1025ఆర్, మహీంద్రా ఈమ్యాక్స్, మాసీ ఫెర్గూసన్ జీసీ లాంటివి, ఒంటిగా సుమారు 1,300 నుంచి 1,600 పౌండ్లు ఉంటాయి. దానికి ముందు లోడరు, బకెట్ కలిపి 400 నుంచి 600 కలపండి. కింద గడ్డి డెక్ 200 నుంచి 300. వెనకాల నాలుగడుగుల రోటవేటర్ తగిలిస్తే ఇంకో 400 దాకా. బ్యాక్‌హో అయితే, మనవాళ్లు చిన్న జేసీబీ అని ముచ్చటపడేది, ఏడెనిమిది వందలు. చూస్తుండగానే 1,400 ట్రాక్టరు 2,500 అయి కూర్చుంటుంది.

మా స్నేహితుడొకడు ఇలాగే ఫోన్ చేశాడు: "అన్నా, షోరూం అతను 1,400 పౌండ్లే అన్నాడు, నా వ్యాన్ 3,500 లాగుతుంది, హాయిగా సరిపోతుంది." లోడరుతోనా అని అడిగితే అవునన్నాడు. డెక్? అదీ ఉంది. టైర్లు నింపారా? ఆ మాటకు అవతల కాసేపు నిశ్శబ్దం.

టైర్లు నింపడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. లోడరుతో బరువెత్తేటప్పుడు వెనక చక్రాలు లేవకుండా చాలామంది వెనక టైర్లలో ద్రవం నింపుతారు. కొందరు కాల్షియం క్లోరైడ్ నీళ్లు, కొందరు బీట్ రసం. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, ఈ ద్రవాలైతే 11 దాకా. రెండు టైర్లకూ కలిపి వందల పౌండ్లు అవుతుంది, బయటికి ఏమీ కనిపించదు. పాత ట్రాక్టరు కొంటుంటే మీరే పరీక్ష చేసుకోవచ్చు. వాల్వు టైరు కింది భాగంలోకి వచ్చేలా ట్రాక్టరును కాస్త జరపమనండి. ముఖం పక్కకు పెట్టుకుని గోటితో వాల్వు పిన్నును ఒక్క క్షణం నొక్కండి. గాలి వస్తే ద్రవం నింపని టైరు. తడి చిమ్మితే నింపిన టైరు. బెల్లం పాకంలా గోధుమరంగులో జిగురుగా వస్తే బీట్ రసం. ఈ ఒక్క పని చేస్తే అమ్మేవాళ్లు చెప్పనిది కూడా తెలిసిపోతుంది.

బరువు కావాల్సిందే అనుకుంటే టైర్లలో కాకుండా వెనక మూడు పాయింట్ల హిచ్‌కు తగిలించే బాలస్ట్ పెట్టె వాడండి. దాన్ని పొలంలోనే వదిలేసి రావచ్చు. అసలు నేను అందరికీ చెప్పేది ఇదే: పనిముట్లను పొలంలో చిన్న గొలుసేసి కట్టేయండి, ట్రాక్టరును మాత్రమే తెచ్చుకోండి. రోటవేటర్, బాక్స్ బ్లేడ్ (నేల చదును చేసేది), బుష్ హాగ్ (పొదలు కోసేది) వారం వారం ఫ్రీవే మీద తిరగాల్సిన పని లేదు. ఈ తరగతి ట్రాక్టర్లలో లోడరు కూడా స్పానర్ అవసరం లేకుండానే కొద్ది నిమిషాల్లో ఊడివచ్చేలా ఉన్నవి దొరుకుతాయి. మీ బండి 3,500దైతే ఆ సౌకర్యం ఉన్న మోడలే తీసుకోండి.

4. ఇప్పుడు జత కుదర్చండి

రావ్4, సీఆర్‌వీ ఉంటే దయచేసి ట్రాక్టరు లాగే ఆలోచన వదిలేయండి. ఖాళీ అల్యూమినియం ట్రైలర్ 600, అతి చిన్న ట్రాక్టరు 1,300 కలిపితేనే 1,900. డీలర్ చేత తెప్పించుకోండి.

3,500 వ్యానో, హైబ్రిడ్ హైలాండరో ఉంటే మీ లెక్క 2,800. ఒక ఇరుసు అల్యూమినియం ట్రైలర్ 600 పోతే 2,200 మిగులుతుంది. లోడరు లేకుండా గడ్డి డెక్‌తో ఉన్న సబ్‌కాంపాక్ట్ అందులో సుఖంగా ఇముడుతుంది. లోడరు కూడా ఉంటే అంచు మీద ఉంటారు. బ్యాక్‌హో ఊసే వద్దు.

5,000 పైలట్, హైలాండర్ వాళ్లకు లోడరు, డెక్ ఉన్న సబ్‌కాంపాక్ట్ సరిగ్గా సరిపోయే జోడీ, తేలికపాటి ట్రైలర్, దానికి బ్రేకులు ఉంటే. టకోమా వి6 పికప్‌లో టో ప్యాకేజీ ఉంటే సుమారు 6,400 వస్తుంది. ఇనుప ట్రైలర్ అయినా, వెనకాల ఒక పనిముట్టున్నా టెన్షన్ లేదు. పేలోడ్ మాత్రం చూసుకోండి, టకోమాలో అది అంత ఎక్కువేమీ ఉండదు.

కుబోటా ఎల్2501 లాంటి పై తరగతి ట్రాక్టరు చూడగానే మనసు లాగుతుంది. 24.8 హార్స్‌పవర్, చూడ్డానికి మన ఊరి ట్రాక్టరులా ఉంటుంది. కానీ లోడరుతో కలిపి అది 3,500 పౌండ్లు దాటుతుంది. ట్రైలర్‌తో కలిపితే 5,400. దానికి ఎఫ్-150 లాంటి పికప్ కావాలి, పైన చెప్పిన ఎస్‌యూవీలు చాలవు. హార్స్‌పవర్ చూసి బరువు అంచనా వేయకూడదనడానికి ఇదే రుజువు: జాన్ డీర్ 1025ఆర్ 23.9 హార్స్‌పవర్, దానికీ దీనికీ ఒక్క హార్స్‌పవర్ తేడా, బరువులో మాత్రం వెయ్యి పౌండ్ల పైనే. చాలా మోడళ్లు ఇలా 25 లోపే ఆగడానికి కారణం పొగ నిబంధనలు. 25 దాటితే అమెరికాలో డీజిల్ ఇంజిన్‌కు కఠినమైన నియమాలు వర్తిస్తాయి, వాటికోసం చాలావరకు ఫిల్టర్ బిగించాలి, ధర పెరుగుతుంది.

చిన్న ట్రాక్టరు మన నేలకు ఆగుతుందా అని అనుమానం రావచ్చు. డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ నేల మన నల్లరేగడికి తోబుట్టువే. ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లు, తడిస్తే బూటు వదలని జిగట. ఎన్నేళ్లుగానో దున్నని అలాంటి నేలను మొదటిసారి చీల్చడం సబ్‌కాంపాక్ట్ పని కాదు. ఆ మొదటి దుక్కికి పెద్ద ట్రాక్టరున్న పక్క రైతుకు డబ్బులిచ్చి దున్నించుకోండి. ఆ తర్వాత ఏటా గోంగూర, బెండ, సొర మళ్లకు నాలుగడుగుల రోటవేటర్‌తో ఈ చిన్న ట్రాక్టరే చక్కగా చేస్తుంది. ఏడాదిలో ఒక్క రోజు పని కోసం వెయ్యి పౌండ్లు ఎక్కువున్న ట్రాక్టరు కొని, మిగతా రోజులన్నీ దాన్ని లాగుతూ భయపడటం ఎందుకు?

5. ట్రైలర్ వెడల్పు, బ్రేకులు

డీలర్ దగ్గరికి టేపు తీసుకెళ్లండి. ట్రాక్టరు చక్రాల వెడల్పు నాలుగడుగులే ఉన్నా, కింద 60 అంగుళాల డెక్ ఉంటే గడ్డి బయటికి చిమ్మే మూతితో కలిపి ఐదడుగులు దాటుతుంది. ఐదడుగుల ట్రైలర్ అంచుల మధ్య అది పట్టదు. ఆరున్నర అడుగుల ట్రైలర్ కావాలి. వలలా ఉండే తేలిక ర్యాంపు గేట్లు లాన్ మెషీన్ల కోసం చేసినవి, ట్రాక్టరు ఎక్కితే వంగిపోతాయి. గేటు ఎంత మోస్తుందో అడిగి తెలుసుకోండి.

బ్రేకుల విషయంలో టెక్సస్ చట్టం కాస్త వదులుగా ఉంది. ట్రైలర్ మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితేనే తప్పనిసరి. ఆ వెసులుబాటును వాడుకోవద్దు. నాలుగు వేల పౌండ్ల బండి మూడు వేల పౌండ్లను లాగడం పెద్ద విషయం కాదు, ఆపడమే విషయం. 2,000 పౌండ్ల పైన ట్రైలర్ లాగుతుంటే ఎలక్ట్రిక్ బ్రేకులున్నదే తీసుకోండి. దానికి బండిలో బ్రేక్ కంట్రోలర్ (డ్రైవరు దగ్గర నుంచి ట్రైలర్ బ్రేకులు వేసే పరికరం), ఏడు పిన్నుల వైరింగు ఉండాలి. నాలుగు పిన్నులది లైట్లకే సరిపోతుంది. ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకు పడేలా చేసే బ్రేక్‌అవే స్విచ్ బ్యాటరీని బయల్దేరే ముందు పరీక్షించండి.

6. ఎక్కించడం

ప్రమాదాలు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి కాబట్టి తొందరపడొద్దు. సమమైన గట్టి నేల చూసుకోండి. ట్రైలర్ బండికి తగిలించి ఉండాలి, బండి పార్కింగ్ బ్రేకు వేసి ఉండాలి, ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. ట్రాక్టరు ర్యాంపు మీదికి రాగానే ట్రైలర్ తోక కిందికి దిగి, ముక్కు పైకి లేస్తుంది. అది మీ బండి వెనక చక్రాలను నేల నుంచి తేలిక చేస్తుంది, ఒక్కోసారి మొత్తం కదిలిస్తుంది. అందుకే తోక కింద రెండు పక్కలా జాక్ స్టాండ్లు గానీ, గట్టి చెక్క దిమ్మలు గానీ పెట్టండి.

ఎక్కేముందు ఫోర్ వీల్ డ్రైవ్ వేయండి. ఈ చిన్న ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ర్యాంపు మీద వెనక చక్రాలు పట్టు తప్పితే బ్రేకు తొక్కినా ఆగదు, ఫోర్ వీల్‌లో ఉంటే ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. లో రేంజ్ (నెమ్మది గేరు) వేయండి, బెల్టు పెట్టుకోండి, రోల్ బార్ (బోల్తా పడితే కాపాడే ఇనుప కమాను) నిలబెట్టి ఉంచండి, బకెట్ నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. డెక్‌ను పూర్తిగా పైకి లేపండి, లేకపోతే ర్యాంపు పైఅంచు దానికి తగిలి అక్కడే ఇరుక్కుంటారు. వాన పడి టైర్లకు నల్లమట్టి పట్టి ఉంటే ఆ రోజు ఎక్కించకండి. తడి ఇనుము మీద ఆ మట్టి సబ్బులా జారుతుంది.

7. ముక్కు బరువు తూయించండి

మొదటి ఏడాది నాకు జరిగింది చెబుతాను. యూఎస్-75 మీద షెర్మన్ వైపు నుంచి వస్తున్నాను. రోటవేటర్ వెనకాల ఉండటంతో ట్రాక్టరును ట్రైలర్‌లో అడుగున్నర వెనక్కి నిలిపాను. బాగానే ఉందనుకున్నాను. ఒక పెద్ద లారీ పక్క నుంచి దూసుకుపోగానే ట్రైలర్ ఒక పక్కకు ఒరిగింది, వెంటనే ఇంకో పక్కకు. అద్దంలో చూస్తే ట్రాక్టరు ఒకసారి ఎడమ అద్దంలో, ఒకసారి కుడి అద్దంలో కనిపిస్తోంది. స్టీరింగ్ నా చేతిలో ఉన్నట్టే లేదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని కూర్చున్నాను. అర మైలులో ఊపు తగ్గింది. అలాంటప్పుడు బండి బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్పీడు పెంచకూడదు, స్టీరింగ్ అటూఇటూ తిప్పి సరిచేయబోకూడదు. బ్రేక్ కంట్రోలర్ ఉంటే చేత్తో ట్రైలర్ బ్రేకులు మాత్రమే నెమ్మదిగా వేయాలి. నాకప్పుడు అది లేదు.

మర్నాడు తూయిస్తే ముక్కు బరువు మొత్తంలో ఆరు శాతమే ఉంది. ట్రాక్టరును ముందుకు జరిపి, రోటవేటర్ తీసేశాక పన్నెండు శాతానికి వచ్చింది. మళ్లీ ఎప్పుడూ అలా ఊగలేదు.

తూయించడం తేలిక. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని పెద్ద కాటాలు ఉంటాయి, కార్లకు కూడా వాడనిస్తారు. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ మూడో పలక మీద ఉండేలా నిలపండి. చీటీలో మూడు అంకెలు వస్తాయి. తర్వాత ట్రైలర్‌ను పార్కింగ్‌లో విప్పి, అంతే మనుషులతో బండి ఒక్కదాన్నే తూయించండి. ఉదాహరణకు ట్రైలర్‌తో ఉన్నప్పుడు బండి రెండు ఇరుసులూ కలిపి 4,880, ట్రైలర్ ఇరుసు 2,920 వచ్చాయనుకోండి. బండి ఒక్కటే 4,500 తూగింది. తేడా 380, అదే ముక్కు బరువు. ట్రైలర్ మొత్తం 2,920కి 380 కలిపి 3,300. 3,300లో 380 అంటే పదకొండున్నర శాతం. బాగుంది. ట్రైలర్ నేల మీద ట్రాక్టరు ముందు టైరు ఎక్కడుందో అక్కడ రంగుతో గీత గీసేయండి. ఇక ప్రతిసారీ టైరు ఆ గీత మీదికి వస్తే చాలు.

ముక్కు బరువు వల్ల బండి వెనక కుంగితే ఆ బరువును ముందు చక్రాలకు కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. కొన్ని ఎస్‌యూవీల మాన్యువళ్లు దాన్ని వద్దంటాయి. చదివాకే కొనండి.

8. కట్టడం, బయల్దేరడం

రోల్ బార్ మడవండి, బకెట్‌ను ట్రైలర్ నేల మీదికి దించి నొక్కి పెట్టండి, పార్కింగ్ బ్రేకు వేయండి. నాలుగు మూలలా నాలుగు కట్లు వేయాలి, ముందువి ముందుకు, వెనకవి వెనక్కి లాగేలా. గ్రేడ్ 70 గొలుసు పావు అంగుళానిది అయినా 3,150 పౌండ్లు పడుతుంది. రెండంగుళాల రాచెట్ పట్టీ 3,333 పడుతుంది, కానీ ఇనుప అంచుకు రాసుకుంటే తెగుతుంది. నేను గొలుసులే వాడతాను. కట్టేది ఫ్రేముకు లేదా తయారీదారు చూపించిన కొక్కేలకు. స్టీరింగ్ రాడ్డుకు, రోల్ బార్‌కు, డెక్‌కు కాదు. వెనక పనిముట్టు ఉంటే దానికి విడిగా ఇంకో కట్టు.

సేఫ్టీ చైన్లు కప్లర్ కింద ఒకదాన్నొకటి దాటేలా తగిలించండి, కప్లర్ ఊడినా ముక్కు వాటి మీద పడాలి. కప్లర్ గొళ్లేనికి పిన్ను పెట్టండి. ట్రైలర్ టైర్లలో గాలి పక్కగోడ మీద రాసినంత ఉండాలి. ఆ టైర్ల మీద వేరే స్పీడు రాసి లేకపోతే చాలావాటికి హద్దు గంటకు 65 మైళ్లు. నేను 60 దాటను. ముందు బండికి మామూలు కంటే రెట్టింపు దూరం వదలండి. ట్రైలర్ మీద ఉన్న ట్రాక్టరుకు ఏమైనా అయితే మీ కారు పాలసీ వర్తిస్తుందో లేదో ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే ఫోన్ చేసి అడగండి.

బయల్దేరిన పది పదిహేను మైళ్లకు ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆగండి. గొలుసులు ఆ కాసేపట్లో సర్దుకుని వదులవుతాయి, మళ్లీ బిగించండి. తర్వాత ట్రైలర్ చక్రాల మధ్య హబ్‌ను చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగులో గ్రీజు అయిపోయి ఉండొచ్చు, లేదా బ్రేకు పట్టేసి ఉండొచ్చు. అక్కడి నుంచి కదలకండి, రోడ్ సర్వీసుకు ఫోన్ చేయండి.